కూరగాయలు, పండ్లు బాగా తింటే విటమిన్లన్నీ అందినట్టేనా?

"రోజూ ఆకుకూరలు, పండ్లు తింటున్నాను, ఇంక విటమిన్ల గురించి పట్టించుకోనక్కర్లేదు కదా?" అని అడిగారు. నాలుగేళ్ల కిందటైతే నేనూ అక్కర్లేదనే చెప్పేదాన్ని.

అప్పటికి నేను మాంసం, గుడ్లు, పాలు పూర్తిగా మానేసి ఐదేళ్లయింది. మొదట అరికాళ్లలో తిమ్మిర్లు వచ్చాయి. గంటల తరబడి కూర్చోవడం వల్లే అనుకుని కుర్చీ మార్చాను. తర్వాత నాలుక మంట మొదలైంది, నడుస్తుంటే దూది మీద అడుగేస్తున్నట్టుండేది. ఫోన్ చేతిలోనే పెట్టుకుని దాని కోసం ఇల్లంతా వెతికిన రోజులున్నాయి. నీరసం అంటే రక్తం తక్కువేమోనని సొంతంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకున్నాను. కాస్త ఓపిక వచ్చింది, తిమ్మిర్లు మాత్రం పెరిగాయి.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే "ఏమేం తినరు?" అని అడిగారు. నేను తినేవన్నీ గొప్పగా చెప్పుకుంటూ పోయాను. మళ్లీ అదే ప్రశ్న అడిగారు. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువని తేలింది.

ఈ విటమిన్‌ని మొక్కలు తయారు చేయవు, జంతువులూ చేయవు. చేసేది బ్యాక్టీరియా, అదే జంతువుల ఒంట్లోకి చేరుతుంది. మనకు మాంసం, చేపలు, గుడ్లు, పాలు, లేదా బి12 కలిపి అమ్మే ఆహారం ద్వారా అందాలి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములే. అయితే ఎర్ర రక్తకణాలు సరిగ్గా తయారవ్వాలన్నా, నరాల మీది పొర బాగుండాలన్నా అది ఉండి తీరాలి. కాలేయంలో దీని నిల్వ కొన్నేళ్లకు సరిపోతుంది. అందుకే మానేసిన కొత్తలో ఏమీ తెలియలేదు, పైగా ఆరోగ్యం భేషుగ్గా ఉందని అందరికీ సలహాలిచ్చాను!

నేను చేసిన అసలు తప్పు ఆ ఫోలిక్ యాసిడ్ మాత్రలే. బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనతను ఫోలిక్ యాసిడ్ సరిచేయగలదు, నరాల దెబ్బను ఆపలేదు. పైకి నయమవుతున్నట్టే ఉంటుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి.

మాంసం తినేవాళ్లు కూడా నిశ్చింతగా ఉండలేరు. బి12 ఒంటికి పట్టాలంటే కడుపులో తయారయ్యే ఒక ప్రొటీన్ సాయం కావాలి. వయసు పైబడినవాళ్లకు, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ గానీ ఎసిడిటీ మాత్రలు గానీ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు తిన్నది సరిగ్గా పట్టకపోవచ్చు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. చీకట్లో చూపు కనబడటానికి ఎ విటమిన్ కావాలి. క్యారెట్, ఆకుకూరల్లోని బీటా కెరోటిన్‌ని శరీరం ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది, వాటితో పాటు కాస్త నూనె ఉంటేనే అది బాగా పడుతుంది. సి విటమిన్ చిగుళ్లకు, గాయాలు మానడానికి. పుల్లటి పండ్లలో, క్యాప్సికంలో, జామలో ఉంటుంది. కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోస్తే చాలావరకు అందులోనే పోతుంది. ఆకుకూరల్లోని ఐరన్ బాగా పట్టాలన్నా సి విటమిన్ తోడుండాలి. డి విటమిన్‌ని ఎక్కువగా చర్మం ఎండలో తయారు చేసుకుంటుంది, అది లేకపోతే తిన్న కాల్షియం సరిగ్గా పట్టదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కె ఆకుకూరల్లో పుష్కలం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ మందు వాడేవాళ్లు మాత్రం ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయకూడదు. ఇ విటమిన్ గింజల్లో, నూనెల్లో దొరుకుతుంది. దాని గురించి నేనెప్పుడూ టెన్షన్ పడలేదు.

ఎ, డి విటమిన్ల మాత్రలు మంచివే కదా అని ఇష్టమొచ్చినట్టు మింగకండి. అవి ఒంట్లో పేరుకుపోతాయి. గర్భిణులకు ఎ ఎక్కువైతే బిడ్డకే ప్రమాదం.

మీరు తినేవాటి లిస్ట్ పక్కన పెట్టి, పూర్తిగా మానేసినవేంటో రాసుకోండి. అందులో పాలు, గుడ్లు, మాంసం, చేపలు అన్నీ ఉంటే ముందు బి12 పరీక్ష చేయించుకోండి, మాత్రల సంగతి ఆ తర్వాత. నాకు ఇంజెక్షన్లతో నాలుక మంట కొన్ని వారాల్లోనే తగ్గింది, నడక కుదురుకోవడానికి నెలలు పట్టింది. ఎడమ కాలి బొటనవేలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంది.