బిందువుల గుండానా, ద్వారానా, మధ్యనా?

సందేహం: మా అమ్మాయి ఇక్కడే తిరుపతిలో ఇంటర్ తెలుగు మీడియం చదువుతోంది. లెక్కల్లో ‘రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం కనుక్కోండి’ అని ఇచ్చారు. ఈ ‘గుండా’ ఏదో రౌడీ మాటలా ఉంది. ‘ద్వారా’ అనో ‘మధ్య’ అనో రాస్తే తప్పా?

సమాధానం: రౌడీ గూండాకు దీర్ఘం ఉంది కదండీ. అది హిందీ నుంచి వచ్చింది, అక్కడ పొట్టిగా ‘గుండా’నే, సాగదీసింది మనమే. మీ అమ్మాయి పుస్తకంలోది ‘కిటికీ గుండా వెలుతురు పడింది’ అంటామే, ఆ గుండా. చేతన్, చేన్, తోడన్, తోన్ అని బడిలో వల్లెవేసిన విభక్తుల్లో ఇది లేదు, అంతమాత్రాన తప్పు కాదు.

‘ద్వారా’ను తప్పని కొట్టేయను గానీ, మనకు అది సాధనం చెప్పే మాటగా స్థిరపడిపోయింది. కొరియర్ ద్వారా పంపాం, పేపరు ద్వారా తెలిసింది, ఇలా. బిందువుల ద్వారా రేఖ అంటే వాటిని వాడుకుని గీశారనే తోస్తుంది, రేఖ వాటి మీదుగా పోతోందన్న సంగతి వెనకబడుతుంది.

‘మధ్య’ మాత్రం రాయనివ్వకండి. ఇది భాష పొరపాటుతో ఆగదు, లెక్కే మారిపోతుంది. తిరుపతిలో ఎక్కి చిత్తూరులో దిగిపోతే మీ ప్రయాణం ఆ రెండూళ్ల మధ్యే, లెక్కల్లో దాన్ని రేఖాఖండం అంటారు. కానీ అదే రైలు పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోతుంది, చిత్తూరు దానికి చివర కాదు. పట్టాలు వంకరపోతాయి లెండి, రేఖ పోదు, అయినా మాట తేడా అక్కడే ఉంది. సరళరేఖ బిందువు దగ్గర ఆగదు, అటూ ఇటూ సాగుతూనే ఉంటుంది కాబట్టి గుండా అనాలి. ‘మీదుగా’ అన్నా నాకు ఇష్టమే, పైగా బస్సు బోర్డు చదివే ప్రతివాళ్లకీ తెలిసిన మాట. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.

కావాలంటే మీ అమ్మాయి చేత (2, 3), (4, 7) తీసుకుని చేయించండి. వై తేడా 4, ఎక్స్ తేడా 2, భాగిస్తే వాలు 2. అప్పుడు వై − 3 = 2(ఎక్స్ − 2), సర్దితే వై = 2ఎక్స్ − 1. ఇందులో ఎక్స్‌కు 10 వేస్తే వై 19 వస్తుంది. (10, 19) ఆ రెండు బిందువుల మధ్య లేదు, రేఖ మీద మాత్రం ఉంది.