కాలూ చెయ్యీ ఆడటం

బరంపురం,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి,

మీ పెద్దమ్మగారి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మధ్యలో నిద్రపట్టేసింది. ఉడుక్కోకు. రెండోసారి ఆ నిద్ర ఎక్కడ పట్టిందో వెతికి పట్టుకున్నాను: "వృద్ధుల భౌతిక క్రియాత్మకతపై విశేష పరిశోధనలు గావించిన విదుషీమణి" అన్న చోట.

భౌతిక క్రియాత్మకత అంటే ఏమిటమ్మా? మీ నాన్నమ్మని అడుగు, తెలీదంటుంది. కానీ పొద్దున్న లేస్తే ఆవిడ దేవుడికి పెట్టుకునే మొర ఏమిటి? "కాలూ చెయ్యీ ఆడుతుండగానే తీసుకుపో తండ్రీ" అనే కదా. మీ పెద్దమ్మగారు అమెరికాలో ముప్పై ఏళ్లు కొలిచింది ఆ ఆడటాన్నే. మా పక్కింటి ఒడియా అవ్వ మొర కూడా ఇదే, కాకపోతే "హాతొ గోడొ" అంటుంది. వాళ్లకి చెయ్యి ముందు, కాలు తరవాత. గోడొ అంటే కాలు. చిన్నప్పుడు ఈ మాట దగ్గర తికమక పడేవాణ్ణి. మా నాన్న ముసలితనంలో గోడ పట్టుకుని నడవడం చూశాక రెండు భాషల మాటా ఒకటే అనిపించింది. ఆ సంగతి తరవాత చెప్తాను.

పైగా నువ్వు రాస్తున్నది పర్లాకిమిడి నుంచి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. ఆ ఊళ్లో కూర్చుని "గావించిన" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ (కసరత్తు చేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో చూసే శాస్త్రం) అన్న మాటని అలాగే ఉంచు, పరవాలేదు. సార్కోపీనియా కూడా ఉంచొచ్చు, కానీ దాని కథ చెప్పి ఉంచు. గ్రీకులో మాంసం, కొరత అనే రెండు మాటలు కలిపి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే ఆయన పెట్టిన పేరది. వయసుతో కండ తరిగిపోవడం అందరి కళ్లముందూ జరిగేదే. పేరు లేకపోతే ఎవరూ పట్టించుకోరని ఆయన వాదన. మాటలతో పనిచేసే మనకి ఇంతకంటే నచ్చే సంగతి ఇంకేం కావాలి? నువ్వేమో దాన్ని బ్రాకెట్లో పడేసి ముందుకెళ్లిపోయావు.

మీ పెద్దమ్మగారి ఉద్యోగాలూ పదవులూ సన్మానాలూ పేజీన్నర ఉన్నాయి. రెండు లైన్లు చాలు. ఆ పేజీన్నరలో ఆవిడ ఒక్కసారి కూడా పని చేస్తూ కనబడదు. మామూలు మంగళవారం నాడు ఆవిడ ఏం చేసేది? ఒక కుర్చీ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేది. ఎదురుగా ఎనభై ఏళ్ల మనిషి. చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 11.2 సెకన్లలోపు అయితే నాలుగు మార్కులు. నిమిషం దాటితే సున్నా. దానికి ముందు పాదాలు రకరకాలుగా పెట్టి పది సెకన్లు తూలకుండా నిలబడాలి. ఆఖరిది మడమకి ఎదర రెండో పాదం ఆనించి నిలబడటం. నాలుగు మీటర్ల నడక ఒకటి. అన్నీ కలిపి 12 మార్కులు. జాక్ గురాల్నిక్, ఆయనతో పనిచేసినవాళ్లు 1994లో ప్రచురించిన పరీక్ష ఇది. యంత్రం లేదు, సూది లేదు, రక్తం తీసేది లేదు. ఎవరు ముందుముందు మంచాన పడే ప్రమాదంలో ఉన్నారో ఇంత చిన్న పరీక్ష ముందే పసిగడుతుంది. నీ వ్యాసం ఈ కుర్చీ దగ్గర మొదలవ్వాలి.

ఇప్పుడు మా నాన్న సంగతి. యాభై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టి పట్టు నేసిన మనిషి. డెబ్భై ఎనిమిదో ఏట జ్వరం పట్టుకుంది. డాక్టరు రెస్ట్ అన్నాడు. ఆయన నాలుగు రోజులకి చెప్పాడేమో, నేను నెల చేశాను. అన్నం మంచం దగ్గరికి, నీళ్లు మంచం దగ్గరికి, పేపరు మంచం దగ్గరికి. జ్వరం తగ్గింది గాని మనిషి లేవలేదు. లేచినా గోడ వదల్లేదు. దాని మీద కథ రాశాను. కొడుకు ప్రేమ గురించి. మంచి పేరొచ్చింది, ఉత్తరాలొచ్చాయి. మీ పెద్దమ్మగారు సెలవులకి వచ్చినప్పుడు ఆ కథ చదివి నన్ను ఒక్కటే అడిగారు: "మాస్టారూ, ఆ మంచం ఎత్తెంత?"

కుంగిపోయిన నులక మంచం. మోకాళ్ల కంటే కిందకి ఉండేది. అందులోంచి లేవడానికి నాకే ఊపు కావాలి.

అప్పుడు ఆవిడ డల్లాస్ సంగతి చెప్పారు. 1966లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగుర్ని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ముప్పై ఏళ్ల తరవాత అదే ఐదుగుర్ని పిలిచి మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్లలో మీదపడిన వయసు వాళ్ల దమ్ముని ఎంత తగ్గించిందో, ఆ మూడు వారాల మంచం అంతకంటే ఎక్కువ తగ్గించిందట. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకే అలా ఉంటే డెబ్భై ఎనిమిదేళ్ల నేతగాడికి ఎలా ఉంటుంది? ఆ కథని నేను మళ్లీ ఏ సంపుటిలోనూ వేయనివ్వలేదు. బాగా రాసిన కథే. అదే బాధ.

అంకెల గురించి ఒక మాట. బోస్టన్ సంగతి నువ్వు రాశావు: 1990లో మరియా ఫియాటరోన్ బృందం తొంభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు బరువులతో కసరత్తు చేయించడం, చివరిదాకా చేసిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరగడం. ఆ అంకె వేసి ఆశ్చర్యార్థకం పెట్టేశావు. ఇద్దరు చేతికర్ర వదిలేశారని రాయలేదే? చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగారు. మిగిలిన ఇద్దరూ లేవలేదని కూడా రాయి. అప్పుడే చదివేవాడు ఆ ఒకరిని నమ్ముతాడు.

లైఫ్ అనే పెద్ద ప్రయోగం దగ్గరా అంతే. 70 నుంచి 89 ఏళ్ల వాళ్లు 1,635 మంది. ఒక జట్టు చేత నడకా కసరత్తూ చేయించారు, రెండో జట్టుకి ఆరోగ్య పాఠాలు చెప్పారు. 400 మీటర్లు నడవగలరా లేదా అన్నదే గీటురాయి. 2014లో ఫలితాలొచ్చాయి. రెండున్నరేళ్లు దాటేసరికి, నడకా కసరత్తూ చేసినవాళ్లలో 30.1 శాతం మంది అంత దూరం నడిచే శక్తి పోగొట్టుకున్నారు. ఆరోగ్య పాఠాలు విన్నవాళ్లలో 35.5 శాతం. నువ్వు "విప్లవాత్మకం" అన్నావు. తేడా వందకి ఐదుగురమ్మా. ఐదుగురని రాయి. మీ ఇంటి గడప నుంచి 400 మీటర్లంటే ఎక్కడిదాకానో నడిచి చూసి, ఆ చోటు పేరు రాయి.

ఇంకొకటి. మొదట చెప్పిన ఆ పరీక్ష కుర్చీది. మన ముసలివాళ్లు లేచేది పీట మీంచి, చాప మీంచి. మోకాలి మీద చెయ్యేసి, రామా అనుకుంటూ. సంక్రాంతికి మీ పెద్దమ్మగారు వచ్చినప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి మీ నాన్నమ్మ లేవడాన్ని చూస్తూ ఉంటారని నువ్వే ఫోన్లో చెప్పావు. వ్యాసంలో అది లేదు. అప్పుడు ఆవిడ మనసులో సెకన్లు లెక్కపెడుతున్నారా, మరేదైనా అనుకుంటున్నారా? అడుగు. చెప్పకపోతే చెప్పలేదనే రాయి.

వచ్చే నెల గుణుపురం వెళ్తూ మీ ఊళ్లో దిగుతాను. అప్పటికి రెండో ప్రతి సిద్ధంగా ఉంచు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు