చెయ్యెత్తిన ‘ఓ’ ఎటు పోయింది?

ప్రశ్న: మా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులో మొదట వారానికోసారి ఐఆర్‌సీ అనే పాతకాలపు టెక్స్ట్ చాట్‌లో టైప్ చేసుకుంటూ మీటింగ్ జరిగేది, తర్వాత వీడియో కాల్‌కి మారాం. ఇప్పుడు పన్నెండు మందిలో అయిదారుగురు వస్తే గొప్ప. పాతవాళ్లు టెక్స్టే నయం అంటారు, కొత్తవాళ్లేమో ఈ కాలంలో ఇంకా చాటింగా అని నవ్వుతారు. అసలు మీటింగే ఎత్తేద్దామా అనిపిస్తోంది. – పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: ఎత్తేసే సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ టెక్స్ట్ మీటింగ్ ఎలా నడిచేదో ఒకసారి గుర్తు చేసుకోండి. టైం అవగానే ఒకరు హ్యాష్ గుర్తు పెట్టి స్టార్ట్‌మీటింగ్ అని కొట్టేవారు, బాట్ (చాట్‌లో ఉండి తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) నిద్ర లేచేది. హాజరు పిలిస్తే ఒక్కొక్కరు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం, దాని పక్కన ఏటవాలు గీత కొట్టేవారు, చూస్తే అచ్చం ఎవరో చెయ్యెత్తినట్టే ఉంటుంది. తర్వాత టాపిక్, ఇన్ఫో, అగ్రీడ్, యాక్షన్ అని ఒక్కో కమాండు, ఎవరి నెత్తిన ఏ పని పడిందో అప్పటికప్పుడే రికార్డు. ఎండ్‌మీటింగ్ అనగానే మినిట్స్ (మీటింగ్ సారాంశం) లింకూ, పూర్తి లాగ్ (మొత్తం మాటల రికార్డు) లింకూ బాటే చేతిలో పెట్టేది. అంటే మీటింగూ మినిట్సూ ఒకటే, విడిగా రాసేవాడు అక్కర్లేదు.

ఐఆర్‌సీ పుట్టింది 1988లో ఫిన్లాండ్‌లో, ఈ బాట్లు వచ్చింది చాలా తర్వాత. అలాంటి మీట్‌బాట్‌ని డెబియన్ అనే లినక్స్ వాళ్లు వాడారు, ఇంకో లినక్స్ అయిన ఫెడోరాలో అదే పని చేసే బాట్ పేరు జాడ్‌బాట్. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో అయితే మీటింగ్ ఛానెళ్లు చాలా టీములకి ఉమ్మడిగా ఉండేవి, మీ గంట అయ్యేసరికి తర్వాతి టీము గుమ్మంలో నిలబడి ఉండేది, ఇక సాగదీయడానికి కుదిరేది కాదు కదా (నన్నడిగితే మీటింగుని అదుపులో పెట్టడానికి దీన్ని మించిన మందు లేదు).

తర్వాత ఒక్కొక్కరూ కదిలారు. వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ 2014 చివర్లో స్లాక్ అనే చాట్‌కి వెళ్లింది, ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా 2020 మార్చిలో తన ఐఆర్‌సీ సర్వర్ మూసేసి మ్యాట్రిక్స్ అనే ఇంకో చాట్‌కి పోయింది, 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ యాజమాన్యం గొడవతో బోలెడు ప్రాజెక్టులు రాత్రికి రాత్రి లిబెరా చాట్ అనే ఇంకో ఐఆర్‌సీ నెట్‌వర్క్‌కి మూటాముల్లె సర్దుకున్నాయి. అయితే ఇక్కడిదాకా మారింది ఇల్లు మాత్రమే, మాట్లాడుకునేది ఇంకా అక్షరాల్లోనే. కుబెర్నెటీస్ (సర్వర్లలో ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్) లాంటి కొత్త తరం ప్రాజెక్టులు వీడియోనే పద్ధతిగా పెట్టుకున్నాయి, కానీ అజెండా, నోట్సు అందరికీ తెరిచిన డాక్యుమెంట్‌లో పెట్టి రికార్డింగ్ యూట్యూబ్‌లో ఎక్కిస్తారు. మీవాళ్లు వీడియో తీసుకున్నారు గానీ ఈ నోట్సు రాసే పని వదిలేశారని నా అనుమానం.

ఎందుకంటే నాకూ ఇలాగే అయింది. నేను చేయి పెట్టిన ఒక ప్రాజెక్టులో వీడియో మీటింగ్ మిస్సయ్యాను, పాత ఏపీఐ (వేరే ప్రోగ్రాములు మా కోడ్‌ని వాడుకునే దారి) తీసేస్తున్నారా లేదా అన్న ఒక్క ముక్క కోసం 58 నిమిషాల రికార్డింగ్ ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నా. 41వ నిమిషంలో ఎవరో "సరే, అలాగే చేద్దాం" అన్నారు. ఎలాగే? ఆ ముందు మాట స్క్రీన్ షేర్ మీద కర్సర్ తిప్పుతూ "ఇది" అని చూపించినది, అది రికార్డింగ్‌లో కనపడదు. టెక్స్ట్ లాగ్ అయితే ఒక పదం వెతికితే తేలిపోయేది. రాలేనివాడికి దక్కేది రాత ఒక్కటే, అది కూడా లేకపోతే రెండు మూడు వారాలకి వాడు రావడమే మానేస్తాడు, మీ దగ్గర జరుగుతున్నది ఇదే అనుకుంటా.

అందుకని నా మాట ఏంటంటే, వీడియో ఉంచండి, నిర్ణయాన్ని మాత్రం అందులోంచి బయటికి తీయండి. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి గొడుగులాంటి అపాచీ ఫౌండేషన్‌లో పాతకాలం నుంచీ ఒక మాట ఉంది, మెయిలింగ్ లిస్టులో (అందరికీ ఒకేసారి వెళ్లే మెయిల్‌లో) లేనిది జరగనట్టే అని. కాల్‌లో ఎంతసేపైనా మాట్లాడుకో, తేల్చేది మాత్రం ఆ లిస్టులో, ప్లస్ వన్ (సరే), మైనస్ వన్ (వద్దు) అని రాతలో. ఓటింగ్ మామూలుగా కనీసం 72 గంటలు తెరిచి ఉంచుతారు, నిద్రపోతున్నవాడు, సెలవులో ఉన్నవాడు, ఆఫీసు పనిలో మునిగినవాడు అందరూ చూసుకునేలా. కోడ్ మార్పు మీద మైనస్ వన్ వేస్తే అది వీటో, అంటే ఆ మార్పు ఆగిపోతుంది, కాకపోతే టెక్నికల్ కారణం చెప్పి తీరాలి, ఊరికే నచ్చలేదంటే కుదరదు. మీది పన్నెండు మంది ప్రాజెక్టు, ఇంత తతంగం అక్కర్లేదు, కాల్ అయిన రోజే నాలుగు లైన్లు రాసి ఇష్యూలో (ప్రాజెక్టు పనుల చిట్టాలో) పడేసి మూడు రోజులు ఆగండి చాలు. రాసేవాడు ప్రతిసారీ మారాలి, లేదంటే ఒకడికే అంటుకుపోతుంది, వాడు అలిసిపోయి ప్రాజెక్టే వదిలేస్తాడు. అజెండా ముందురోజుకి ఖాళీగా ఉంటే మీటింగ్ రద్దు చేసేయండి, ఎవరూ ఏడవరు.

ప్రశ్న: మా మీటింగ్ టైం యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకే లెక్క అయిన టైంలోనే) పెట్టాం, అయినా మార్చి వచ్చిందంటే సగం మంది తప్పు టైంకి వస్తారు. ఎందుకిలా? – ఒక పాఠకురాలు

జవాబు: యూటీసీ కదలదండీ, మనుషుల గడియారాలు కదులుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరుపుతారు, యూరప్‌లో చివరి ఆదివారం, మధ్యలో రెండు మూడు వారాలు ఎవరి లెక్క వాళ్లది. జరిపినవాళ్లకి మీ మీటింగ్ వాళ్ల గడియారంలో గంట ఆలస్యంగా పడుతుంది, అలవాటు కొద్దీ పాత టైంకే వచ్చి ఖాళీ గదిలో కూర్చుంటారు. యూటీసీ అని రాసి ఊరుకోకుండా క్యాలెండర్ ఫైల్ ఇవ్వండి, అది ఎవరి టైం వాళ్లకి చూపిస్తుంది. ఓపెన్‌స్టాక్‌లో కొన్ని టీములు ఒక వారం ఒక టైం, ఇంకో వారం ఇంకో టైం పెట్టి నిద్ర చెడే బాధ అందరికీ పంచేవి. న్యాయమే గానీ ఇద్దరు నడిపేవాళ్లు కావాలి, లేకపోతే రెండో టైంలో ఎవరూ ఉండరు.

ప్రశ్న: కొత్తగా చేరాను, కాల్‌లో నోరు పెగలదు. నన్ను పనికిరాననుకుంటారా? – ఇంకో పాఠకుడు

జవాబు: అనుకోరు. కాల్‌లో మ్యూట్‌లోనే ఉండి నోట్సు నేను రాస్తానని చాట్‌లో పెట్టండి చూద్దాం, ఎవరూ ఎగబడని పని అది, వెంటనే ఇచ్చేస్తారు. రాస్తుంటే "ఇది ఖాయమైనట్టేనా, ఎవరు చేస్తున్నారు?" అని అడగాల్సి వస్తుంది, అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది.