విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవారు, పాలించేవారు వేరైపోయారా?

చాలావరకు వేరయ్యారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యేనాటికి సంస్థ చిన్నది. పండితుడే పాలకుడు కావడం సహజంగా ఉండేది. తర్వాత అనుబంధ కళాశాలలు, పరీక్షలు, నిధుల లెక్కలు, న్యాక్ (విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే సంస్థ) గుర్తింపు దస్త్రాలు పెరిగి పాలనే పూర్తికాలపు పని అయింది.

నన్నడిగితే అసలు మార్పు కింది స్థాయిలో వచ్చింది. ఒప్పంద అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించరాదని 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు చెప్పాయి. శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి ఆగిన మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ పరిమితి కాగితం మీదే మిగిలింది. తరగతుల భారం ఒప్పంద, అతిథి అధ్యాపకులు మోస్తుంటే, మిగిలిన కొద్దిమంది ప్రొఫెసర్లు డీన్, డైరెక్టర్, వార్డెన్ పదవులు పంచుకుంటున్నారు (ఒక్కొక్కరికి రెండేసి కూడా). ఎక్కువ పాఠాలు చెప్పేవారికి నిర్ణయాల్లో మాత్రం చోటు తక్కువ.