వగరు నాలుకదా, వైన్‌దా?

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సెప్టెంబరులో మేము వెళ్లినప్పుడు పెస్సాక్-లెయోన్యాన్ ప్రాంతంలోని ఒక ద్రాక్షతోటకు తీసుకువెళ్లి, అక్కడే తయారయ్యే వైన్ రుచి చూపించాడు. ముందు ఇచ్చిన తెల్లవైన్ హాయిగా ఉంది. తరువాత ఇచ్చిన ఎర్రవైన్ మాత్రం ఒక్క గుక్కకే నోరు పిడచకట్టేంత వగరుగా ఉంది. తోటవారేమో అదే మేలైనదన్నారు. పక్కనున్నవారు పుక్కిలించి ఉమ్మేశారు. లోపం మా నాలుకదేనా? ఒక ఎర్రవైన్ సీసా వెంట తెచ్చుకున్నాము. ఇక్కడ దానిని ఎలా తాగాలి?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ నాలుకలో ఏ లోపమూ లేదు. నేరేడుపండ్లు నాలుగు ఎక్కువ తిన్నప్పుడు నాలుక గరుకెక్కడం మీకు తెలిసినదే కదా, ఇదీ అదే వగరు. దానికి మూలం టానిన్ అనే పదార్థం. ద్రాక్షలో అది తొక్కలోనూ గింజలోనూ ఉంటుంది. నల్లద్రాక్షలో చాలా రకాలకు కూడా లోపలి రసం దాదాపు రంగులేనిదే కాబట్టి, ఎర్రవైన్ కోసం రసాన్ని తొక్కలు, గింజలతో కలిపి రోజుల తరబడి పులియబెడతారు. అలా రంగుతోపాటు టానిన్ కూడా రసంలోకి దిగుతుంది. తెల్లవైన్‌కు ద్రాక్షను ముందుగానే పిండేసి, తొక్కలు తీసేసి, రసాన్ని మాత్రమే పులియబెడతారు. అందుకే అందులో పులుపు తెలుస్తుంది గానీ వగరు అంతగా తెలియదు. టానిన్ మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడంతో నోటిలోని జారుడుతనం పోయి, పొడిబారినట్లు అనిపిస్తుంది. డికాక్షన్‌లో పాలు పోయగానే వగరు తగ్గడానికి కారణం కూడా ఇదే: టానిన్ పాలలోని మాంసకృత్తులను పట్టుకుంటుంది.

ఆ ప్రాంతపు ఎర్రవైన్‌లో ముఖ్యమైన కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్షకు కాయ చిన్నది, తొక్క మందం. దాని బిరుసు తగ్గించడానికే మెర్లో రకాన్ని కలుపుతారు. 225 లీటర్ల ఓక్ పీపాలలో నెలల తరబడి ఉంచినప్పుడు, ఆ తరువాత సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ వగరు మెత్తబడుతుంది. తోటవారు మేలైనదన్నది రాబోయే రుచిని తలచుకుని అయి ఉండవచ్చు. మీరు చూసినది నేటి రుచి. ఇద్దరూ నిజమే చెప్పారని నా అభిప్రాయం.

అయినా పెద్దలు తలలూపారని మనమూ ఊపనక్కరలేదు. 2001లో వెలువడిన ఒక బోర్డో పరిశోధనలో, తెల్లవైన్‌కు వాసనలేని ఎర్రరంగు కలిపి, వైన్ విద్య చదువుతున్న 54 మందికి ఇస్తే, వారు దాని వాసనను ఎర్రవైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను ముక్కును అంతగా ఏమారుస్తుంది.

ఇక ఉమ్మడం మనకు మర్యాద కాకపోయినా అక్కడ అది పనిలో భాగం. వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం వరకు ఉంటుంది. వరుసగా పది రకాలు మింగినవారికి పదకొండోదాని రుచి ఏం తెలుస్తుంది? తెల్లవైన్ ముందు ఇవ్వడం కూడా ఇలాంటి జాగ్రత్తే. వగరెక్కిన నాలుకకు దాని సున్నితమైన వాసనలు అందవు.

సీసా సంగతికి వస్తే, ఎర్రవైన్‌ను గది వేడిమిలోనే తాగాలన్న మాట తిరుపతికి పనికిరాదు. వారు చెప్పే గది 16 నుంచి 18 డిగ్రీలది. మన ఏప్రిల్ గదిలో ఆ వైన్ నుంచి ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు. ఫ్రిజ్‌లోనే దాచి, తాగడానికి అరగంట ముందు బయటపెట్టండి. కారులో మరచిపోతే ఎండకు పాడవుతుంది. అదే కారులో కొండకు బయలుదేరితే అలిపిరి తనిఖీలో చిక్కు కూడా, ఎందుకంటే తిరుమలకు మద్యం తీసుకువెళ్లడం నిషిద్ధం. రాగిసంగటి, నాటుకోడి పులుసు పక్కన మాత్రం ఈ వైన్ పెట్టకండి, కారానికి ఆల్కహాల్ మంట, వగరు తోడవుతాయి. కారం తగ్గించి, మిరియాలు కొద్దిగా వేసిన వేటమాంసం వేపుడైతే అందులోని కొవ్వు, మాంసకృత్తులు డికాక్షన్‌లో పాలు చేసిన పనే చేస్తాయి. ముందు వైన్ మాత్రమే ఒక గుక్క, తరువాత ఒక ముక్క తిని మరో గుక్క తాగి చూడండి. రెండో గుక్కలో వగరు వెనక్కి తగ్గి, పండు రుచి ముందుకు వస్తుంది.