పిల్లికి రా ఫుడ్ కొనే ముందు

రమ్యా,

మీ పిల్లి మిన్నూకి ఇక నుంచి రా ఫుడ్డే, అంటే వండని పచ్చి మాంసమే పెడదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మానెయ్యమని కాదు రాస్తున్నది, ఇన్నేళ్లుగా పిల్లుల్ని పెంచుతూ ఈ ప్యాకెట్లు తిరగేస్తూనే ఉన్నా కాబట్టి కొనేటప్పుడు ఏం చూడాలో నాకు తెలిసింది చెప్తున్నా.

అన్నిటికంటే ముందు, ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చావవు. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఫ్రీజ్-డ్రైడ్‌దీ అంతే, పొడిపొడిగా ఉందని వండినట్టు కాదు, అదీ పచ్చి మాంసమే. 2024 డిసెంబర్‌లో మీ ఒరెగాన్‌లోనే, మీ వాషింగ్టన్ కౌంటీలోనే గడప దాటని ఇంటిపిల్లి బర్డ్ ఫ్లూతో పోయింది చూడు, అది తిన్నది నార్త్‌వెస్ట్ నేచురల్స్ వాళ్ల ఫ్రోజెన్ టర్కీ ఫుడ్, అందులో ఉన్న వైరస్సూ పిల్లిలో ఉన్న వైరస్సూ ఒకటేనని టెస్టుల్లో తేలాక కంపెనీ ఆ సరుకు వెనక్కి తీసుకుంది. తర్వాత 2025 జనవరిలో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పచ్చి కోడి మాంసం, పశుమాంసం, కాచని పాలు వాడే పెట్ ఫుడ్ కంపెనీలన్నీ తమ సేఫ్టీ ప్లాన్‌లో హెచ్5ఎన్1ని, అంటే ఆ బర్డ్ ఫ్లూ వైరస్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందేనని చెప్పింది.

అందుకే నేచురల్, ఫ్రెష్, హ్యూమన్ గ్రేడ్ అని ముందువైపు ఎంత పెద్దక్షరాల్లో ఉన్నా పక్కన పెట్టు. కంపెనీకి మెయిల్ కొట్టి సూటిగా అడుగు, క్రిములు చంపడానికి మీరేం చేస్తున్నారు అని. హెచ్‌పీపీ (హై ప్రెషర్ ప్రాసెసింగ్) అని ఒక పద్ధతి ఉంది, ప్యాకెట్‌ని చల్లటి నీళ్లలో ఉంచి దాదాపు 87,000 పీఎస్‌ఐ ప్రెషర్ పెడతారు, వండకుండానే సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటివి బాగా తగ్గుతాయి, పూర్తిగా పోతాయని మాత్రం అనుకోకు. ఆ పని అన్ని రకాలకీ చేస్తారా, ఒక్క చికెన్‌కేనా, టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా బ్యాచ్ బయటికి పంపకుండా ఆపుతారా అని కూడా అడుగు. తిన్నగా జవాబు చెప్పని కంపెనీది నేనైతే కొనను.

ఇంక ప్యాకెట్ వెనక ఆఫ్కో (AAFCO, పెట్ ఫుడ్‌లో పోషకాలకి ప్రమాణాలు పెట్టే అమెరికా సంఘం) పేరుతో ఉన్న వాక్యం చదువు. కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ అని ఉండాలి, మిన్నూ ఇంకా పిల్లకూనే కాబట్టి గ్రోత్ అనో ఆల్ లైఫ్ స్టేజెస్ అనో ఉండాలి. సప్లిమెంటల్ ఫీడింగ్ అని ఉంటే అది అప్పుడప్పుడు పెట్టుకునేదే, దాన్నే రోజూ పెడితే కాల్షియం, టారిన్ (పిల్లికి తిండిలో తప్పక అందాల్సిన పోషకం) చాలకపోవచ్చు. టారిన్ తక్కువైతే పిల్లి గుండె దెబ్బతింటుందని 1987లోనే బయటపడింది.

అసలు నాకు భయం మీ అత్తగారి గురించమ్మా. ఆవిడకి కీమో నడుస్తోందిగా, క్రిముల్ని తట్టుకునే శక్తి తక్కువగా ఉంటుంది. పిల్లి చూడ్డానికి శుభ్రంగా హుషారుగానే ఉంటుంది, కానీ దాని మలంలో సాల్మొనెల్లా పోతూ ఉండొచ్చు, మూతి గిన్నెలో పెట్టి వచ్చి ఆవిడ ఒళ్లో కూర్చుంటుంది. ఆవిడ మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రా ఫుడ్ వద్దు, క్యాన్ ఫుడ్ పెట్టు, దాన్ని డబ్బాలో సీల్ చేశాకే ఉడికిస్తారు. ఈ ఒక్క మాట మాత్రం విను.

తర్వాత మొదలుపెడితే, ప్యాకెట్‌ని మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వు, కౌంటర్ మీద వద్దు. తినగా మిగిలింది ఎత్తి పారెయ్యి, గిన్నె వేడినీళ్లతో సబ్బు పెట్టి కడుగు, మన కూరగాయల బోర్డు దగ్గరికి రానివ్వకు. లాట్ నంబర్ ఉన్న ముక్క అది తినడం అయ్యేదాకా పారెయ్యకు, కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంటే (రీకాల్) అదే ఆధారం. జ్వరం, తిండి మానెయ్యడం, ఆయాసం, తూలడం, ఉన్నట్టుండి కళ్లు కనపడకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెట్‌కి ముందు ఫోన్ చేసి పచ్చి మాంసం తిన్నదని చెప్పి అప్పుడు తీసుకెళ్లు.

ఏ బ్రాండ్ అనుకుంటున్నావో వెనకవైపు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తా.

మీ పెద్దమ్మ