పీసులు పెరిగితే రేంజ్ పెరగదా మరి!

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాప్. సీఎన్‌సీ లేత్ మీద 25 మి.మీ. బుష్‌లు తీస్తాం. ఇదివరకు గంటకోసారి 3 పీసులు కొలిచి ఎక్స్‌బార్ (గ్రూపు సగటు), ఆర్ (గ్రూపు రేంజ్) చార్టులు వేసేవాళ్లం. సగటు రేంజ్ 8.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఉండేది. కస్టమర్ అడిగారని పోయిన నెల నుంచి 5 పీసులు కొలుస్తున్నాం. సగటు రేంజ్ 12కి పోయింది. చుక్కలు చాలావరకు మధ్యగీత పైనే పడుతున్నాయి. నిన్న ఒకటి 23కి పోయి, చార్టులోని 21.9 పై లిమిట్ (దాటకూడని గీత) దాటింది. మెషిన్ లూజ్ అయిపోయిందని మా ఇంచార్జి గారు ఆపరేటర్ మీద అరుస్తున్నారు. నిజంగా మెషిన్‌దేనా తప్పు?
– ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఆపరేటర్ని వదిలేయమనండి. మీరిచ్చిన అంకెలను బట్టి మెషిన్ ఎప్పటిలాగే ఉంది. మీరు కొలిచే పీసులు పెరిగాయి, అంతే.

రేంజ్ అంటే గ్రూపులో పెద్ద రీడింగులోంచి చిన్న రీడింగు తీసేస్తే మిగిలేది. సైజు నుంచి తేడా 4, 9, 12 మైక్రాన్లుగా మూడు పీసులు వచ్చాయనుకోండి. రేంజ్ 8. నాలుగోది 7 వచ్చింది, రేంజ్ 8గానే ఉంది. అయిదోది మైనస్ 1 వచ్చింది. ఇప్పుడు రేంజ్ 13! కొత్త పీసు పాతవాటి మధ్యలో పడితే రేంజ్ కదలదు, బయట పడితే పెరుగుతుంది. తగ్గే దారి అసలు లేదు. అందుకే ఎక్కువ పీసులు తీసుకుంటే సగటు రేంజ్ పెరిగి తీరుతుంది. మెషిన్ నిన్న ఓవర్‌హాలింగ్ నుంచి వచ్చినా సరే.

ఎంత పెరగాలో చెప్పే లెక్క మీ కంట్రోల్ చార్టుల టేబుల్లోనే ఉంది, చిన్న డి2 అనే కాలమ్‌లో. (పక్కనే పెద్ద డి3, పెద్ద డి4 ఉంటాయి, కంగారులో అవి తీసుకోకండి.) 2 పీసులకి 1.128, 3కి 1.693, 4కి 2.059, 5కి 2.326, 10కి 3.078. రెండు నుంచి మూడుకి పోతే పెద్ద దూకుడు, ఆ తర్వాత పెరుగుదల మందగిస్తుంది. 1925లో టిప్పెట్ అనే బ్రిటిష్ గణాంకవేత్త వీటి లెక్క కట్టి ప్రచురించాడు. ఆయన పనిచేసింది పత్తి పరిశోధనలో, బుష్‌లలో కాదు. అయినా రీడింగులు నార్మల్ పంపిణీకి (గంట ఆకారపు వంపుకి) దగ్గరగా ఉంటే లెక్క ఎక్కడైనా ఒకటే.

ఇక మీ అంకెలు. 8.5ని 1.693తో భాగించండి: 5.02. 12ని 2.326తో భాగించండి: 5.16. సిగ్మా (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత) అప్పుడూ ఇప్పుడూ 5 మైక్రాన్లకు అటూ ఇటూనే. పాత సిగ్మాతో 5 పీసులకు 11.7 రావాల్సింది, మీకు 12 వచ్చింది. ఈ పాటి తేడాకి మెయింటెనెన్స్ వాళ్లని పిలవరు.

అసలు తప్పు చార్టులో ఉంది. మూడు పీసులకు గీసిన గీతల మీద అయిదు పీసుల చుక్కలు పెడుతున్నారు. మధ్యగీత 8.5 దగ్గరే ఉంటే చుక్కలు పైన పడక ఏం చేస్తాయి? ఆ చార్టు మూసేసి కొత్తది తెరవండి. మధ్యగీత 12, పై లిమిట్ 12ని 2.114తో (5 పీసులకు పెద్ద డి4) గుణిస్తే 25.4. నిన్నటి 23 లోపలే ఉంది.

ఎక్స్‌బార్ చార్టు కూడా మార్చాలి. అక్కడ కథ తిరగబడుతుంది. పాత లిమిట్లు సగటుకు అటూ ఇటూ 8.7 మైక్రాన్లు (8.5ని టేబుల్లోని ఏ2 అంకె 1.023తో గుణించి), కొత్తవి 6.9 (12ని 0.577తో). రేంజ్ పెరిగితే ఈ లిమిట్లు ఇరుకయ్యాయేమిటని మీ ఇంచార్జి గారు అడుగుతారు. అయిదింటి సగటు మూడింటి సగటు కన్నా తక్కువ ఊగుతుంది కదా! టూల్ అరిగి సైజు జరిగితే ఇప్పుడు తొందరగా దొరుకుతుంది. కస్టమర్ 5 అడిగింది బహుశా అందుకే.

ఒక్క షరతు. ఈ పోలిక చెల్లాలంటే రెండు సార్లూ పీసులు తీసే పద్ధతి ఒకటే ఉండాలి. అప్పుడు వరుసగా వచ్చిన మూడు తీసి, ఇప్పుడు గంటంతా ట్రేలో పోగుపడ్డ వాటిలోంచి అయిదు ఏరుతుంటే, టూల్ అరుగుదల కూడా రేంజ్‌లోకి దూరుతుంది. అప్పుడు పైన చెప్పిన భాగహారంతో తేల్చేయలేం. మీ షాపులో ఏది జరుగుతోందో నిలబడి చూడండి. ఇంకోటి, కొలిచేది 1 మైక్రాన్ చూపించే మైక్రోమీటర్‌తోనే కదా? 10 మైక్రాన్ల వెర్నియర్ పెట్టుకుని 5 మైక్రాన్ల సిగ్మా గురించి మాట్లాడుకోవడం టైమ్ దండగ.

ప్రశ్న: మా ఆర్ చార్టులో కింది లిమిట్ సున్నా. సాఫ్ట్‌వేర్ తప్పా? 4 పీసులు కొలుస్తాం.
– విజయవాడ పాఠకురాలు

జవాబు: తప్పేం లేదమ్మా. 6 పీసుల వరకు లెక్క ప్రకారం కింది లిమిట్ సున్నా కన్నా కిందికి పోతుంది. రేంజ్ అంత తగ్గదు కాబట్టి సున్నా అనే రాస్తాం. 7 నుంచి కింది లిమిట్ వస్తుంది.

ప్రశ్న: నమ్మకంగా ఉంటుందని 15 పీసులు తీసి రేంజ్ వేస్తున్నాం. మంచిదేనా సార్?
– ఒక ప్రొడక్షన్ సూపర్‌వైజర్, విశాఖపట్నం

జవాబు: 15 కొలిచి రెండే వాడుతున్నారు. మధ్యలోని 13 రీడింగులు రేంజ్‌కి పట్టవు. 5 పీసుల దగ్గర ఈ నష్టం పెద్దగా లెక్కలోకి రాదు, 10 దాటాక బాగా తెలుస్తుంది. 15కి స్టాండర్డ్ డీవియేషన్‌తో ఎస్ చార్టు వేయండి, కంప్యూటర్ ఎలాగూ ఉంది. లేదా 5కి తగ్గించి, మూడింతలు తరచుగా కొలవండి. నన్నడిగితే రెండోదే మేలు.